ఓఎస్ఎంఎఫ్ బయాప్సీలు పాడై వస్తున్నాయి: లోపం క్లినిక్‌లోనా, ల్యాబ్‌లోనా?

పీజీ_ఓరల్‌పాథ్ (వరంగల్)

అందరికీ నమస్కారం. ఎండీఎస్ (దంతవైద్యంలో పీజీ) రెండో ఏడు. నా థీసిస్ ఓరల్ సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్‌లో (ఓఎస్ఎంఎఫ్, అంటే నోటి లోపలి పొర బిగుసుకుపోయి నోరు తెరుచుకోని జబ్బు) మయోఫైబ్రోబ్లాస్టుల (మచ్చకట్టించే కణాలు) మీద, కొల్లాజెన్ (కణజాలంలోని ప్రొటీన్ పోగులు) మీద. ఆల్ఫా ఎస్ఎంఏ ఇమ్యూనో (ఆ కణాలను యాంటీబాడీతో గుర్తించే పరీక్ష), పిక్రోసిరియస్ రెడ్ (కొల్లాజెన్‌కి వేసే రంగు) రెండూ చేయాలి. కొన్ని ముక్కలు మా ఓపీలోనే తీస్తున్నాం. మిగతావి నర్సంపేట, ములుగు, భూపాలపల్లి క్లినిక్‌ల నుంచి వస్తున్నాయి. ఇబ్బందంతా ఈ బయటి ముక్కలతోనే.

హెచ్ అండ్ ఈ (మామూలుగా వేసే రంగు) స్లైడ్లలో కనిపిస్తున్నవి ఇవీ: రక్తం ఉన్నచోటల్లా గోధుమ-నలుపు చుక్కలు. కొన్నింటిలో ఎపిథీలియం (పైపొర) కింది పొర నుంచి విడిపోయి, కేంద్రకాలు మసకబారి ఉన్నాయి. కొన్నింటిలో నీలం గీతలు గీతలుగా నలిగిన కణాలు. ఇంకొన్నింటిలో కొల్లాజెన్ పోగుల మధ్య పెద్ద ఖాళీలు. ఈ చివరిదాన్ని ఎడీమా (నీరు చేరిన వాపు) అనుకుని ‘చాలా తొలిదశ’ అని గ్రేడ్ ఇవ్వచ్చా?

స్లైడ్‌బాక్స్ (హన్మకొండ, ఓరల్ పాథాలజీ)

చివరి ప్రశ్న నుంచే మొదలుపెడతాను, థీసిస్‌ని ముంచేది అదే. పిండ్‌బోర్గ్, సిర్సాట్ 1966లో ఇచ్చిన గ్రేడింగ్‌లో మొదటి దశకు గుర్తు సన్నని నూలుపోగుల్లాంటి కొల్లాజెన్, దాని మధ్య బాగా ఎడీమా. మత్తుమందు నేరుగా గాయంలోకే గుచ్చితే ఆ ద్రవం పోగులను విడదీసి అచ్చం అలాంటి బొమ్మే ఇస్తుంది. రెంటికీ తేడా చూడాలంటే ఖాళీల అంచులు చూడండి. సూది వల్ల వచ్చినవైతే ఖాళీలు ఒక్కసారిగా చీలినట్టు ఉంటాయి, వాటిలో తాజా ఎర్రకణాలు చిమ్మి ఉంటాయి, పక్కనే మందమైన హయలినైజ్డ్ (గాజులా ఏకంగా మారిన) పోగులు కూడా కనిపిస్తాయి. నిజమైన తొలిదశలో మందమైన పోగులు ఉండవు. ఫైబ్రోబ్లాస్టులు (కొల్లాజెన్ తయారు చేసే కణాలు) బొద్దుగా, లేతగా ఉంటాయి, రక్తనాళాలు ఉబ్బి ఉంటాయి. రోగికి నోరు 20 మి.మీ. కూడా తెరుచుకోకపోతే, స్లైడ్ మాత్రం ‘చాలా తొలిదశ’ అంటుంటే, ముందు సూదిని అనుమానించండి.

గోధుమ చుక్కలు ఫార్మలిన్ పిగ్మెంట్. ఫార్మలిన్ నిల్వ ఉండి ఫార్మిక్ ఆమ్లంగా మారి, పీహెచ్ 6 కంటే దిగితే హిమోగ్లోబిన్‌తో కలిసి ఇది ఏర్పడుతుంది. పోలరైజ్డ్ కాంతిలో మెరుస్తుంది. హీమోసిడెరిన్ (పాత రక్తస్రావం మిగిల్చే ఇనుము పదార్థం) మెరవదు, పెర్ల్స్ స్టెయిన్‌తో (ఇనుముకి వేసే రంగు) నీలంగా మారుతుంది. మీరు పిక్రోసిరియస్‌ని పోలరైజర్ కిందే చూడాలి కాబట్టి ఈ పిగ్మెంట్ మెరుపు నేరుగా మీ కొలతలోకి వచ్చి కూర్చుంటుంది. తొలగించాలంటే పారాఫిన్ (మైనం) తీసిన సెక్షన్‌ని (స్లైడ్ మీది పలుచని కోతని) ఆల్కహాల్‌లో సంతృప్త పిక్రిక్ ఆమ్లంలో ఉంచి, బాగా కడిగి, తర్వాత స్టెయిన్ వేయాలి.

ఎపిథీలియం విడిపోయి కేంద్రకాలు మసకబారడం ఆటోలైసిస్, అంటే కణాలు తమ ఎంజైములతోనే కరిగిపోవడం. ముక్క ఫార్మలిన్‌లో పడడం ఆలస్యమైంది, లేదా సెలైన్‌లో వచ్చింది. నీలం గీతలు ఫోర్సెప్స్ నలుపుడు. కాటరీ (వేడితో కాల్చే పరికరం) వాడితే వేరుగా ఉంటుంది: అంచున ముద్దకట్టిన గులాబీరంగు పదార్థం, కేంద్రకాలు సన్నగా సాగి ఒకే దిక్కుకు వాలి ఉంటాయి.

అంటే మీరు రాసిన నాలుగూ మీ ల్యాబ్ దాకా రాకముందే జరిగినవి. మైక్రోటోమ్‌ని (ముక్కను పలుచగా కోసే యంత్రం) తిట్టుకోవాల్సిన పని లేదు.

ల్యాబ్‌టెక్_కరీంనగర్

మేడం చెప్పింది నిజం. చానా క్లినిక్‌లల్ల ఏం చేస్తరంటే, మెడికల్ షాపుల ఫార్మలిన్ సీసా కొంటరు, అందాజగ నీళ్లు కలుపుతరు, ఆర్నెల్లు అదే వాడుతరు. గట్ల కాదు.

లీటరుకు లెక్క ఇది. షాపుల దొరికే గాఢ ఫార్మలిన్ 100 మి.లీ., డిస్టిల్డ్ వాటర్ 900 మి.లీ., సోడియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ మోనోహైడ్రేట్ 4 గ్రాములు, నీళ్లు లేని డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ 6.5 గ్రాములు. లవణాలు ముందు నీళ్లల్ల కరగాలె, తర్వాత ఫార్మలిన్ పొయ్యాలె. పీహెచ్ 7 కాడ ఉంటది, స్ట్రిప్ ముంచి చూడున్రి. గాఢ ఫార్మలిన్ల ఫార్మాల్డిహైడ్ 37 నుంచి 40 శాతం ఉంటది, గందుకే ఈ పది శాతం ఫార్మలిన్ల అసలు ఫార్మాల్డిహైడ్ 4 శాతమే. కొందరు ఇది తెల్వక 40 శాతం సీసనే నాలుగింతలు పలచన చేసి ‘పది శాతం’ అంటరు. గది గట్టిది, ముక్క పైపొర బిర్రుగయ్యి లోపలికి మందు పోదు.

సీసా సంగతి ఇంకోటి. లిగ్నోకెయిన్ (మత్తుమందు) ఖాళీ వయల్‌ల ముక్క పంపకున్రి. లోపలికి పోయేటప్పుడు మెత్తగ పోతది, గట్టిపడ్డంక సన్నటి మూతినుంచి బయటికి రాదు. పగలగొట్టి తియ్యాలె, ముక్క ఇరుగుతది, గాజు పెంకు కలిస్తే మైక్రోటోమ్ బ్లేడ్ కూడా పాయె. మూత్రం పరీక్షకిచ్చే వెడల్పు మూతి డబ్బా సరిపోతది. ముక్కకు కనీసం పదింతలు, వీలైతే ఇరవై ఇంతలు ఫార్మలిన్. నోటి ముక్కకైతే 15-20 మి.లీ. మస్తు. పేరు డబ్బా ఒంటి మీద రాయున్రి, మూత మీద కాదు. రెండు డబ్బాలు తెరిచినప్పుడు మూతలు అటిటు అయితే ఇద్దరి రిపోర్టులు ఆగమైతయి. పెన్సిల్‌తో రాసిన చీటీ ఒకటి లోపల కూడా ఎయ్యొచ్చు, ఇంకు కరుగుతది గని పెన్సిల్ కరగదు.

చైర్‌సైడ్ (హన్మకొండ, ఓరల్ సర్జరీ)

క్లినిక్‌ల వాళ్లకు పంపే కాగితంలో ఇవి పెట్టండి.

ఓఎస్ఎంఎఫ్‌లో బుగ్గ లోపలి పొర అంతా జబ్బే కాబట్టి ‘గాయానికి దూరంగా గుచ్చండి’ అంటే వాళ్లకి అర్థం కాదు. లాంగ్ బక్కల్ నరానికి (బుగ్గ లోపలికి వెళ్లే నరం) బ్లాక్, అంటే నరం దగ్గరే మత్తు ఇస్తే ముక్క తీసే చోట ద్రవం చేరదు. నోరు తెరుచుకోక బ్లాక్ కుదరకపోతే తీయబోయే చోటుకి ఒక సెం.మీ. దూరంలో, చుట్టూ నెమ్మదిగా ఇన్‌ఫిల్ట్రేట్ చేయాలి (మందు గుచ్చాలి). 2 శాతం లిగ్నోకెయిన్, 1:80,000 అడ్రినలిన్ చాలు. ఇచ్చాక కొన్ని నిమిషాలు ఆగాలి. ఆగకుండా కోస్తే రక్తం ఎక్కువ, రక్తం ఎక్కువైతే కాటరీ మీదికి చేయి పోతుంది.

తీసే చోటు: పై రెండో దవడపన్నుకు ఎదురుగా పెరోటిడ్ నాళం (లాలాజల గ్రంథి గొట్టం) తెరుచుకుంటుంది, దానికి దూరంగా ఉండండి. పళ్లు కలిసే గీత మీద కూడా వద్దు, కొరుకుడు వల్ల అక్కడ కెరటిన్ మామూలుగానే ఎక్కువ. 15 నంబర్ బ్లేడ్‌తో సుమారు 8 మి.మీ. పొడవు, 4 మి.మీ. వెడల్పు దీర్ఘవృత్తం. కోయకముందే ఒక కొసకు 3-0 సిల్క్ కుట్టు వేసి, ఫోర్సెప్స్‌కి బదులు ఆ దారంతోనే పైకి లేపాలి. నలుపుడు రాదు, ముక్కలో ఏ కొస ముందుందో కూడా తెలుస్తుంది. లోతు సబ్‌మ్యూకోసా దాటి కొద్దిగా కండరం కనిపించే దాకా. పైపైన గీకిన ముక్కతో కండరం దెబ్బతిన్నదా లేదా అన్నది ఎవరూ చెప్పలేరు.

ముక్క తీయగానే కుట్టు సూది ప్యాకెట్ లోపలి గట్టి కాగితం మీద, ఎపిథీలియం పైకి ఉండేలా పరచండి. ఒక నిమిషం ఆగితే అతుక్కుంటుంది. కాగితంతో సహా ఫార్మలిన్‌లో వేయండి. అలా చేయకపోతే చాపలా చుట్టుకుంటుంది, ఎంబెడ్ చేసేవాళ్లు (ముక్కను మైనంలో పోసేవాళ్లు) ఏ పక్క కోయాలో తెలియక ఏటవాలుగా కోస్తారు.

కోసే ముందు పోవిడోన్ అయోడిన్ పూయకండి, రంగు పైపొరకు పడుతుంది. కొలతలు ఫార్మలిన్‌లో వేయకముందే రాసుకోవాలి, తర్వాత ముక్క కుంచించుకుపోతుంది.

క్లినిక్_మంచిర్యాల

సార్, రెండు సందేహాలు. పంచ్ (గుండ్రంగా కోసే పరికరం) వాడొచ్చా? సాయంత్రం క్లినిక్ మూసేదాకా సెలైన్‌లో పెట్టి తర్వాత ఫార్మలిన్‌లోకి మారిస్తే నష్టమా? మేమందరం ఫార్మలిన్ చైర్ దగ్గర పెట్టుకోం, కళ్లు మండుతాయి.

చైర్‌సైడ్ (హన్మకొండ, ఓరల్ సర్జరీ)

5 లేదా 6 మి.మీ. పంచ్ అయితే ఓకే, 3 మి.మీ.ది వద్దు. తిప్పేటప్పుడు ఎపిథీలియం మెలిపడుతుంది, బిగుసుకున్న బుగ్గలో లోతు దాకా దిగదు. నోరు బొత్తిగా తెరుచుకోని రోగిలో మాత్రం బ్లేడ్ కంటే పంచే సులువు. అడుగు మాత్రం కత్తెరతో కోయాలి, లాగి తెంపొద్దు.

స్లైడ్‌బాక్స్ (హన్మకొండ, ఓరల్ పాథాలజీ)

సెలైన్ గురించి: సెలైన్ ఫిక్స్ చేయదు, తడిగా ఉంచుతుంది అంతే. కణాల్లోని ఎంజైములు పని చేస్తూనే ఉంటాయి. మే నెలలో మంచిర్యాలలో 44-45 డిగ్రీల ఎండలో సాయంత్రం దాకా అంటే ఎపిథీలియం విడిపోవడం ఖాయం. ముందే ఫార్మలిన్ నింపి, మూత బిగించిన డబ్బాలు పెట్టుకుని, ముక్క వేసేంతసేపు మాత్రం తెరవండి. ఫార్మాల్డిహైడ్‌ని ఐఏఆర్‌సీ (అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ) మొదటి వర్గం క్యాన్సర్ కారకంగా చేర్చింది కాబట్టి గ్లోవ్స్, గాలి ఆడే చోటు రెండూ ఉండాలి. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ ఏదీ ప్రత్యామ్నాయం కాదు.

ఒక్క మినహాయింపు. పెంఫిగస్, పెంఫిగాయిడ్ (బొబ్బల జబ్బులు) అనుమానించి డైరెక్ట్ ఇమ్యూనోఫ్లోరెసెన్స్‌కి (వెలిగే యాంటీబాడీలతో చేసే పరీక్ష) పంపే ముక్క ఫార్మలిన్‌లో అసలు పడకూడదు. బొబ్బ పక్కనున్న మామూలు పొర నుంచి తీసి మిషెల్ మాధ్యమంలో పంపాలి. అది లేకపోతే, 24 గంటల్లో ల్యాబ్‌కి చేరుతుందంటే, ఈ పరీక్షకు సెలైన్ పనికొస్తుంది. అదే రోగికి హెచ్ అండ్ ఈ కోసం రెండో ముక్క ఫార్మలిన్‌లో. రెండు డబ్బాలూ ఒకేలా ఉంటే కాంపౌండర్ తారుమారు చేస్తాడు, మూతల రంగు మార్చండి.

ఎంతసేపు: ఫార్మలిన్ లోపలికి మొదట్లో గంటకు ఒక మి.మీ. చొప్పున వెళుతుంది, తర్వాత నెమ్మదిస్తుంది. 4-5 మి.మీ. ముక్కకి 12 నుంచి 24 గంటలు. ఇమ్యూనో చేయాలంటే 6 గంటలకు తక్కువ కాకుండా, 72 గంటలు దాటకుండా చూసుకోండి. వారాల తరబడి ఉంటే ప్రొటీన్లు అడ్డంగా బంధించుకుపోయి యాంటీబాడీకి చోటు దొరకదు.

ల్యాబ్‌టెక్_కరీంనగర్

బస్సుల, కొరియర్ల పంపేటోళ్లకు ఒక ఉపాయం. డబ్బా నిండ ద్రవం ఉంటే కారుతది, తీస్కపోరు. ముందు క్లినిక్‌లనే 24 గంటలు ఫార్మలిన్ల ఉంచున్రి. తర్వాత ఫార్మలిన్‌తో తడిపిన గాజుగుడ్డల ముక్కను చుట్టి, చిన్న జిప్ కవర్ల పెట్టి, దాన్ని ఇంకో కవర్ల, దాన్ని గట్టి డబ్బాల. ఫారం బయటి డబ్బాల పెట్టాలె, తడి కవర్ల కాదు. ముందు ఫిక్స్ చెయ్యకుంట తడిగుడ్డల పంపితే మాత్రం ఎండిపోతది.

లెక్కలు_జనగామ (పబ్లిక్ హెల్త్ డెంటిస్ట్రీ)

ముక్కల మాట సరే, ఫారంలో అలవాటు గురించి ఏం రాయిస్తున్నారు? ‘పొగాకు: అవును/కాదు’ అని ఉంటే మీ డేటా అక్కడే పాడైంది.

ఓఎస్ఎంఎఫ్‌కి మూలం వక్క. వక్కలోని అరెకోలిన్ ఫైబ్రోబ్లాస్టులతో కొల్లాజెన్ ఎక్కువ తయారు చేయిస్తుంది. వక్కలోని రాగి లైసిల్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్‌ని పెంచి ఆ పోగులకు అడ్డబంధాలు వేయిస్తుంది. వక్కలోని టానిన్లు కొల్లాజినేజ్‌కి (కొల్లాజెన్‌ని అరగదీసే ఎంజైమ్) వాటిని అరగనివ్వవు. వక్క ఒంటరిగానే క్యాన్సర్ కారకం అని ఐఏఆర్‌సీ 2004లో తేల్చింది. పొగాకు, సున్నం మాత్రమే ఉండే ఖైనీ నమిలేవాడికి కింది పెదవి లోపలి గాడిలో తెల్లమచ్చ వస్తుంది, ఓఎస్ఎంఎఫ్ రాదు. కాబట్టి వక్క, పొగాకు రెండు వేరు గడులు.

మన దగ్గర అడగాల్సిన తీరు కూడా వేరు. గోదావరిఖని, భూపాలపల్లి బొగ్గు గనుల్లోకి బీడీ, అగ్గిపెట్టె పోనివ్వరు కాబట్టి దిగినప్పుడు నమిలేది ఒకటి, ఇంటి దగ్గర తాగేది ఇంకొకటి. షిఫ్ట్ లోపల, బయట అని రెండుసార్లు అడగండి. గుట్కా నిషేధం వచ్చాక పాన్ మసాలా ఒక ప్యాకెట్, పొగాకు ఇంకో ప్యాకెట్ కొని కలుపుకుంటారు, ‘గుట్కా తింటారా’ అంటే ‘లేదు’ అనే జవాబొస్తుంది. ఆడవాళ్లు, కాలేజీ పిల్లలు ‘నాకే అలవాటూ లేదు’ అంటారు. ‘తియ్యటి వక్కపొడి?’ అంటే ‘అది రోజూ’. రోజుకి ఎన్ని ప్యాకెట్లు, ఎన్నేళ్లు, ఏ బుగ్గన ఎంతసేపు పెట్టుకుంటారు, రాత్రి నోట్లో పెట్టుకుని పడుకుంటారా, మానేసి ఎన్నాళ్లయింది, ఇవన్నీ రాయాలి. ముక్క తీసిన బుగ్గా, పెట్టుకునే బుగ్గా ఒకటేనా అన్నది కూడా.

నోరు తెరుచుకోవడం వేళ్లతో కాదు, వెర్నియర్ క్యాలిపర్‌తో, పైకింది మధ్య ముందుపళ్ల అంచుల మధ్య, మూడుసార్లు కొలిచి సగటు.

నోరెంత తెరుచుకుంటుందో బట్టి చేసే ఖన్నా, అంద్రాదే 1995 వర్గీకరణలో రెండో గుంపు 26-35 మి.మీ., మూడోది 15-26, నాలుగో ‘ఎ’ 15కి తక్కువ, నాలుగో ‘బి’ అదనంగా క్యాన్సర్ ముందుదశ లేదా క్యాన్సర్ మార్పులు ఉన్నవాళ్లు. 26 రెండు గుంపుల్లోనూ పడుతుంది, దాన్ని ఎటు వేస్తారో ముందే రాసిపెట్టుకోండి. క్లినికల్ గ్రేడ్, స్లైడ్ గ్రేడ్ కలవకపోతే కంగారు పడొద్దు. నోటిని బిగించేది చాలాసార్లు నోటి వెనక టెరిగోమాండిబులర్ రాఫే (పై, కింది దవడల మధ్య ఉండే తంతువు) దగ్గరి పట్టీ, మీరు ముక్క తీసేది ముందు బుగ్గ.

పీజీ_ఓరల్‌పాథ్ (వరంగల్)

సార్, మేడం, అన్నా, థాంక్స్. కంట్రోల్స్ (పోల్చడానికి జబ్బు లేని ముక్కలు) సంగతి: జ్ఞానదంతం తీసేటప్పుడు ఫ్లాప్ అంచు నుంచి కాస్త టిష్యూ తీసుకోవాలని సినాప్సిస్‌లో రాశాను. కొన్ని స్లైడ్లలో ఆల్ఫా ఎస్ఎంఏ అసలు రాలేదు, అవి నెగెటివ్ అని లెక్క వేయచ్చా?

స్లైడ్‌బాక్స్ (హన్మకొండ, ఓరల్ పాథాలజీ)

కంట్రోల్ మార్చండి. జ్ఞానదంతం చుట్టూ ఉండేది చిగురు, దాని వెనకాల ప్యాడ్. కెరటిన్ ఉన్న పొర, కింద దట్టమైన కొల్లాజెన్, పైగా పెరికొరొనైటిస్ (జ్ఞానదంతం చుట్టూ వచ్చే) వాపు. దాన్ని కెరటిన్ లేని బుగ్గ పొరతో పోలిస్తే, జబ్బు లేకపోయినా కొల్లాజెన్ తేడా వస్తుంది. అలవాటు లేనివాళ్లలో బుగ్గ వైపు ఏదైనా సర్జరీ జరుగుతున్నప్పుడు, కోత అంచున బుగ్గ పొరే సేకరించాలి. తక్కువ దొరుకుతాయి, అయినా అదే సరైనది. దీనికి ఎథిక్స్ కమిటీ అనుమతిలో ‘పరిశోధన కోసం అదనపు కణజాలం’ అని స్పష్టంగా ఉండాలి, రోగి చదివే సమ్మతి పత్రం తెలుగులో ఉండాలి. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలు ముందు పెట్టుకుని రాయండి. ఓఎస్ఎంఎఫ్ బుగ్గలో కోసిన చోట మళ్లీ మచ్చకట్టే అవకాశం ఉంటుంది, అదీ పత్రంలో చెప్పాల్సిందే.

ఆల్ఫా ఎస్ఎంఏకి కంట్రోల్, అంటే పరీక్ష పనిచేసిందా లేదా చూపేది, అదే స్లైడ్‌లో ఉంది. రక్తనాళాల గోడలో నున్నని కండరం గోధుమ రంగు తేలాలి. నాళాల గోడ తేలి, స్ట్రోమా (ఎపిథీలియం కింది కణజాలం) తేలకపోతే నిజమైన నెగెటివ్. నాళాల గోడ కూడా తేలకపోతే అది నెగెటివ్ కాదు, పరీక్ష ఫెయిల్, లెక్కలోంచి తీసేయాలి లేదా మళ్లీ చేయాలి. చారల కండరం మామూలుగానే తేలదు, దాన్ని చూసి భయపడొద్దు. ముదిరిన దశలో నాళాలే మూసుకుపోతాయి, అందుకే ప్రతి బ్యాచ్‌లో అపెండిక్స్ గోడ సెక్షన్ ఒకటి పక్కన పెట్టండి.

గ్రేడింగ్ ఇద్దరు విడివిడిగా, నోరెంత తెరుచుకుంటుందో తెలియకుండా చేయాలి. రెండు వారాల తర్వాత కొన్ని స్లైడ్లు క్రమం మార్చి మళ్లీ చూడాలి. దశలకు వరుస ఉంది కాబట్టి మామూలు కప్పా (ఇద్దరి గ్రేడ్లు ఎంత కలిశాయో చెప్పే లెక్క) కాదు, వెయిటెడ్ కప్పా.

ల్యాబ్‌టెక్_కరీంనగర్

పిక్రోసిరియస్ గురించి నేను చెప్త. సంతృప్త పిక్రిక్ ఆమ్లం 500 మి.లీ.ల సిరియస్ రెడ్ ఎఫ్3బి అర గ్రాము. గంట సేపు. తర్వాత కుళాయి నీళ్లల్ల కడగద్దు, రంగంత పోతది. లీటరు నీళ్లకు గ్లేషియల్ ఎసిటిక్ ఆమ్లం 5 మి.లీ. కలిపి, దాంట్ల రెండుసార్లు ముంచాలె. నీళ్లు దులిపి నేరుగ నూరు శాతం ఆల్కహాల్ మూడుసార్లు, జైలీన్, డీపీఎక్స్ (స్లైడ్ మీద గాజు పలక అతికించే జిగురు). పిక్రిక్ ఆమ్లం పొడి ఎండితే పేలుతది, సీసల ఎప్పుడు తడిగనే ఉండాలె, మూతి కాడ పొడి కట్టిందేమో చూడున్రి.

అన్ని సెక్షన్లు ఒకే మందం, 5 మైక్రాన్లు అనుకుంటే అన్నీ 5. ఒకటి 4, ఒకటి 7 అయితే పోలరైజర్ కింద రంగే మారుతది.

ఎంబెడ్ చేసేటప్పుడు ముక్కను అంచు మీద నిలబెట్టాలె, ఎపిథీలియం గీత బ్లేడ్‌కు అడ్డంగ రావాలె. పడుకోబెడితే రీట్ రిడ్జులు (ఎపిథీలియం కిందికి దిగిన మడతలు) లోపల ద్వీపాల లెక్క కనపడ్తయి.

స్లైడ్‌బాక్స్ (హన్మకొండ, ఓరల్ పాథాలజీ)

ఆ ద్వీపాలను చూసి ‘ఇన్వేషన్’ (క్యాన్సర్ లోపలికి పాకింది) అని రిపోర్ట్ రాసేవాళ్లు ఉంటారు. బ్లాక్‌ని (ముక్క ఉన్న మైనపు దిమ్మ) తిరిగి కరిగించి నిలబెట్టి కోయమనాలి, అనుమానం తీరేదాకా సంతకం పెట్టొద్దు.

రంగుల మీద ఇంకో మాట. ఎరుపు-నారింజ అంటే టైప్ 1, ఆకుపచ్చ అంటే టైప్ 3 అని థీసిసుల్లో రాసేస్తుంటారు. రంగు చెప్పేది పోగు మందం, అమరిక. టైప్ కావాలంటే యాంటీబాడీ వేయాలి. వైవాలో అడిగే ప్రశ్న ఇది.

ఫ్లోరైడ్_రఘునాథపల్లి

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. ఫ్లోరోసిస్ పళ్లు ఇదే పద్ధతిలో ఫార్మలిన్, తర్వాత యాసిడ్‌లో డీకాల్సిఫై చేసి (ఖనిజం కరిగించి) చూడొచ్చా?

మోడరేటర్

దీనికి వేరే చర్చ తెరవండి. ఇక్కడ ఒక్క జవాబు వరకు ఉంచుతున్నాం.

లెక్కలు_జనగామ (పబ్లిక్ హెల్త్ డెంటిస్ట్రీ)

కుదరదు. ఎనామిల్ 96 శాతం ఖనిజమే, యాసిడ్‌లో మొత్తం కరిగిపోయి మీకు డెంటిన్ మాత్రమే మిగులుతుంది. ఎనామిల్ చూడాలంటే గ్రౌండ్ సెక్షన్, అంటే నీళ్లు పోస్తూ రాయి మీద సన్నగా అరగదీయాలి. పన్ను ఎండితే పగులుతుంది, అరగదీసేదాకా 0.1 శాతం థైమాల్ నీళ్లలో ఉంచండి. ఇంకొకటి, ఇప్పటి నీళ్లు పరీక్షించి పెద్దవాళ్ల ఫ్లోరోసిస్‌కి ముడిపెట్టకండి. ముందుపళ్ల ఎనామిల్ చిన్నతనంలోనే తయారైపోతుంది. మిషన్ భగీరథ మొదలైంది 2016లో. ఎనిమిదేళ్ల వయసు దాకా ఏ ఊళ్లో, ఏ బోరు నీళ్లు తాగారో అడగండి.

పీజీ_ఓరల్‌పాథ్ (వరంగల్)

ఇప్పటికే వచ్చిన పాడైన బ్లాకులు పూర్తిగా పారేయాలా?

స్లైడ్‌బాక్స్ (హన్మకొండ, ఓరల్ పాథాలజీ)

రోగ నిర్ధారణకు ఇచ్చినవి కాబట్టి బ్లాకులు ఎట్టి పరిస్థితుల్లో పారేయొద్దు. థీసిస్‌లోంచి తీయడమే. పిగ్మెంట్ ఉన్నవి పిక్రిక్ ఆల్కహాల్‌తో శుభ్రమైతే ఉంచుకోండి. ఒక అంచు మాత్రమే నలిగితే, ఆ అంచు వదిలి మిగిలిన చోట కొలవండి. బ్లాక్‌ని ఇంకాస్త లోపలికి కోస్తే మంచి భాగం దొరకవచ్చు. ఎపిథీలియం విడిపోయి కేంద్రకాలు మసకబారినవి, సూది ద్రవంతో చీలినవి గ్రేడింగ్‌కి పనికిరావు. ఏది ఉంచాలి, ఏది తీయాలి అన్న నియమం ఇమ్యూనో ఫలితం చూడకముందే రాసి, గైడ్‌తో సంతకం చేయించుకోండి. ఫలితం చూశాక తీసేస్తే నచ్చనివి తీసేసినట్టు అవుతుంది. తీసినవి ఎన్ని, ఎందుకు అన్నది పట్టికలో రావాలి.

క్లినిక్_మంచిర్యాల

ల్యాబ్‌టెక్ అన్నా, ఆ బఫర్ ఫార్మలిన్ నింపిన డబ్బాలు మీ దగ్గర్నుంచే క్లినిక్‌లకు ఇస్తే?

ల్యాబ్‌టెక్_కరీంనగర్

ఇయ్యొచ్చు సార్. డబ్బా మీద నింపిన తారీఖు రాసి ఇస్తం. మూడు నెలలు దాటితే ముక్క ఎయ్యకుండ్రి, అట్లనే తిప్పి పంపున్రి. అడుగుకు తెల్లగ పొడి దిగినా, స్ట్రిప్‌ల 6.5 కంటె తగ్గినా అంతే. ఫారంల అలవాటు గడులు లెక్కలు సార్ చెప్పినట్టు అచ్చు ఏయించి, ఒక్కో డబ్బాకు ఒక్కటి రబ్బర్ బ్యాండ్ పెట్టి పంపుత.